అమ్మాయికి ట్రిపుల్ ఈనా, సీఎస్‌ఈనా? ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: పెద్దపల్లి జిల్లా నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరు, పేరు వేయవద్దని కోరారు. ఆయన ఇరవై ఏళ్లకు పైగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నారు. పెద్దమ్మాయికి తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్‌లో పదిహేడు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. బీసీ-బీ రిజర్వేషన్, రెండు లక్షల లోపు ఆదాయ ధ్రువపత్రం ఉన్నాయి. మొదటి విడత కౌన్సెలింగ్‌లో జగిత్యాల జేఎన్‌టీయూహెచ్ కళాశాలలో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది. రెండో విడతలో ఆప్షన్లు మార్చి పెడితే హైదరాబాదు శివార్లలోని ఒక ప్రైవేటు అటానమస్ కళాశాలలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) డేటా సైన్స్ రావచ్చని, ఒకప్పుడు సీఎస్‌ఈ చదివిన ఆయన బావమరిది లెక్క కట్టి చెప్పారు. అక్కడ ఏడాదికి ఫీజు 1,10,000. ఈలోగా ఒక డీమ్డ్ యూనివర్సిటీ నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. అక్కడ సీఎస్‌ఈ సీటుకు ఏడాదికి 3 లక్షల ఫీజు, హాస్టలుకు 1,10,000. ఐదు రోజుల్లో 50 వేలు కట్టి సీటు ఖాయం చేసుకోవాలట. ఫీజుకు బ్యాంకు లోను తీసుకుని, హాస్టలు ఖర్చుకు ఉన్న ఒక్క 200 గజాల ప్లాటు అమ్మాలని ఆయన ఆలోచన. చిన్నవాడు పదో తరగతిలో ఉన్నాడు.

ఉత్తరంలోని కొన్ని వాక్యాలు ఆయన మాటల్లోనే: "వార్నిష్ వాసన నా బట్టల నుంచి ఎన్నిసార్లు ఉతికినా పోదు. బిడ్డ కూడా కరెంటు పనే చేయాలా అని మా ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మాయికి ఈ పని కొత్త కాదు. ఎనిమిదో తరగతి నుంచీ కాలిపోయిన కాయిల్ విప్పితే చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి చూసి నోటుపుస్తకంలో రాసిచ్చేది తనే. వెబ్ ఆప్షన్లు కూడా తనే పెట్టుకుంది, నేను ఓటీపీ చెప్పానంతే. ఇప్పుడు ఏది కావాలని అడిగితే 'మీ ఇష్టం నాన్నా' అంటున్నది. నా ఇష్టం ఏమిటో నాకే తెలియడం లేదు. ఏం చేయమంటారు?"

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏ బ్రాంచి చదవాలన్నది ఒకటి, ఏ కళాశాలలో లేదా యూనివర్సిటీలో చదవాలన్నది రెండోది, దానికి ఇంటి నుంచి ఎంత డబ్బు పెట్టాలన్నది మూడోది. డీమ్డ్ యూనివర్సిటీ నుంచి ఫోను చేసేవారు ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు ఇస్తున్నారు కాబట్టే ఆ జవాబు అంత తేలికగా వినిపిస్తున్నది. మీరు మాత్రం వాటిని విడదీసుకుని చూడాలి. డబ్బుతో మొదలుపెడదాం, ఎందుకంటే మీ పథకంలో ఒక చిక్కు అక్కడే ఉంది.

ఏడాదికి 3 లక్షల చొప్పున నాలుగేళ్లకు 12 లక్షల లోను తీసుకుంటామని రాశారు. విద్యా రుణాల్లో సాధారణంగా 7.5 లక్షల వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు, తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే సరిపోతుంది. ఆ పరిమితి దాటితే తాకట్టు అడుగుతాయి. మీకున్న ఆస్తి ఆ ప్లాటు ఒక్కటే. దాన్ని హాస్టలు కోసం అమ్మేస్తే బ్యాంకుకు చూపడానికి ఏమీ మిగలదు, బ్యాంకుకు పెడితే హాస్టలుకు డబ్బు ఉండదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇచ్చే ఏర్పాటు ఉన్న మాట నిజమే కానీ, అది ప్రభుత్వం ఎంపిక చేసిన విద్యాసంస్థల జాబితాలో ఉన్నవాటికే వర్తిస్తుంది. ఫోను చేసిన యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో మీరే చూసుకోండి. "మా దగ్గర లోను సులువుగా వస్తుంది సార్" అన్న వారి మాటను ఆధారంగా తీసుకోకండి.

లోను వచ్చిందనే అనుకుందాం. ఏటా 3 లక్షల చొప్పున విడుదలయ్యే మొత్తానికి 10.5 శాతం వడ్డీ అనుకుంటే, చదువు నాలుగేళ్లు, ఆ తరువాత వాయిదాలు మొదలయ్యేదాకా ఇచ్చే ఏడాది గడువు కలిపి, సాధారణ వడ్డీయే దాదాపు 4,41,000 అవుతుంది. అసలుతో కలిపి 16,41,000. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 22 వేల రూపాయల వాయిదా. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి హైదరాబాదులోనో బెంగళూరులోనో గది అద్దె కట్టుకుని, తిని, నెలనెలా 22 వేలు బ్యాంకుకు పంపాలంటే మొదటి జీతం ఎంత ఉండాలో మీ బావమరిదిని అడగండి, ఆయనకు తెలుస్తుంది. ఉద్యోగం రావడం ఒక ఏడాది ఆలస్యమైతే ఆ వాయిదా మీ షాపు మీద పడుతుంది, అప్పటికి మీ అబ్బాయి కూడా కాలేజీలో ఉంటాడు. అప్పు ఉన్న పిల్లలు మొదట దొరికిన ఉద్యోగాన్ని వదులుకోలేరు. ఎంటెక్ చదవాలన్నా, పోటీ పరీక్షకు ఏడాది కూర్చోవాలన్నా, నచ్చని పని మానేసి ఇంకొకటి వెతుక్కోవాలన్నా వారికి వీలు చిక్కదు. నా దృష్టిలో ఖరీదైన సీటుకు అసలు ధర అది.

మిగతా రెండు దారుల లెక్క చిన్నదే. ఇప్పటిదాకా ఉన్న నిబంధన ప్రకారం పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థులకు పూర్తి ఫీజు, ఆ పైన ర్యాంకు వారికి గరిష్ఠంగా 35 వేలు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద వస్తాయి. ప్రైవేటు కళాశాలలో ఏటా 75 వేల తేడా మీరే కట్టాలి, హాస్టలు అదనం. పైగా ప్రభుత్వం నుంచి ఆ 35 వేలు ఆలస్యమైనప్పుడు చాలా కళాశాలలు ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తామంటాయి. బకాయిల గొడవ ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం కాబట్టి ఆ మొత్తాన్ని చేతిలో పెట్టుకునే ఆ దారి ఎంచుకోవాలి. జగిత్యాలలో మీరు కట్టేది చాలా తక్కువని మీరే రాశారు. డీమ్డ్ యూనివర్సిటీలో ఈ రీయింబర్స్‌మెంట్ ఉండదు. వారిచ్చే "స్కాలర్‌షిప్" రెండో ఏడాది కొనసాగడానికి ఎన్ని మార్కులు రావాలో కాగితం మీద రాయించుకుంటే తప్ప దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఇక బ్రాంచి సంగతి. ఇక్కడ మీ మాటకు కొంచెం అడ్డు చెప్పాలి. మీరు చేస్తున్న పనీ, ట్రిపుల్ ఈ చదివినవారు చేసే పనీ ఒకటే అన్నట్టు రాశారు. కాలిన మోటారు మీ షాపుకు వస్తే మీరు పాత చుట్లు లెక్కపెట్టి, అదే గేజి వైరుతో మళ్లీ చుట్టి, వార్నిష్ పట్టించి పంపుతారు. అదే మోటారుకు అన్ని చుట్లే ఎందుకుండాలో, మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మిగిలిన రెండింటిలో కరెంటు ఎందుకు పెరిగి కాయిల్ మాడుతుందో, మాడకముందే ఆపే రిలే ఎలా తయారు చేయాలో ట్రిపుల్ ఈ తరగతిలో చెబుతారు. మీ మండలంలో వేసవిలో ఎన్ని బోరు మోటార్లు ఇలా ఒక ఫేజు పోయి, అంటే సింగిల్ ఫేజింగ్‌తో, కాలిపోతాయో మీకన్నా తెలిసినవారు లేరు. ఆ చదువు ముగించినవారు సబ్‌స్టేషన్ల నిర్వహణలో, సోలార్ ప్లాంట్లలో, ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీల్లో, కంట్రోల్ ప్యానెళ్ల డిజైన్‌లో ఉంటారు. మీ జిల్లాలోనే రామగుండం ఎన్టీపీసీ ఉంది. ఆ సంస్థ ఇంజినీర్ ట్రైనీలను గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరుతో తీసుకుంటుంది, ఎలక్ట్రికల్ వారికి అందులో చోటుంది. విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలలో అసిస్టెంట్ ఇంజినీర్ ఎలక్ట్రికల్ పోస్టుకు ఆ బ్రాంచి డిగ్రీయే ఉండాలి. మీ ఇంటావిడ భయపడుతున్నట్టు స్తంభం ఎక్కే ఉద్యోగం కాదది.

అలాగని ట్రిపుల్ ఈ పూలబాట అని చెప్పను. విద్యుత్ సంస్థల నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు, వచ్చినా పోస్టులకు ఎన్నో రెట్ల మంది పోటీ పడతారు. ప్రైవేటు రంగంలో కోర్, అంటే బ్రాంచికి చెందిన ఉద్యోగాల తొలి జీతాలు తరచుగా సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే, పని చేసే చోటు కూడా చాలాసార్లు నగరానికి దూరంగా ఉంటుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి అన్ని బ్రాంచిల వారినీ పరీక్షకు కూర్చోనిస్తాయి గానీ, కొన్ని కంపెనీలు సీఎస్‌ఈ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్) వారినే పిలుస్తాయి. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకునే ట్రిపుల్ ఈ విద్యార్థి రెండో ఏడాది నుంచే ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకోవాలి, సిలబస్ మాత్రమే చదివితే చాలదు. కొన్ని కళాశాలల్లో అదనపు క్రెడిట్లతో వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ చేసే వీలుంటుంది. జగిత్యాలలో ఇప్పుడు ఏయే మైనర్లు ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

సీఎస్‌ఈ వైపు కూడా అంతే నిజాయితీగా చూడాలి. 2024-25 నుంచి, ఇంజినీరింగ్ కళాశాలలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, బాగా నడుస్తున్న కళాశాలలకు బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని ఎత్తేసింది. ఆ తరువాత తెలంగాణలో ఎన్నో ప్రైవేటు కళాశాలలు సివిల్, మెకానికల్ సీట్లు వదులుకుని సీఎస్‌ఈ, దాని పక్కన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అన్న తోకలతో సెక్షన్లు పెంచుకున్నాయి. రాష్ట్రంలోని ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా ఇప్పుడు కంప్యూటర్ సంబంధిత బ్రాంచిలవే. సీట్లు పెరిగినంత వేగంగా బోధించగలిగిన అధ్యాపకులు పెరగరు, ఐటీ కంపెనీల నియామకాలు కూడా గత రెండు మూడేళ్లుగా మునుపటి ఊపులో లేవు. మీ బావమరిది చదివిన రోజుల్లో సీఎస్‌ఈకి ఉన్న అర్థం వేరు. ఆయన అనుభవం అబద్ధం కాదు, అది ఆ కాలానిది. అయితే మీ అమ్మాయికి కోడింగ్ అంటే నిజంగా ఇష్టమైతే ఈ రద్దీ చూసి వెనక్కి తగ్గవలసిన పనీ లేదు, ఆ రద్దీలో కూడా బాగా చదివినవారు నిలబడతారు.

ఇక మిగిలింది యూనివర్సిటీ అన్న పేరు. దీనిమీద తల్లిదండ్రుల్లో చాలా గందరగోళం ఉంది, కాస్త వివరంగా చెబుతాను. జగిత్యాల కళాశాల జేఎన్‌టీయూహెచ్ సొంత కళాశాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్లలో ఉన్నవీ అంతే. హైదరాబాదు శివార్లలోది ప్రైవేటు యాజమాన్యానిది, అటానమస్ కాబట్టి సిలబస్, పరీక్షలు తానే పెట్టుకుంటుంది, పట్టా మాత్రం అనుబంధంగా ఉన్న యూనివర్సిటీ పేరు మీదే వస్తుంది. డీమ్డ్ అంటే 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం కింద యూనివర్సిటీ హోదా పొందిన సంస్థ. సిలబస్, పరీక్ష, పట్టా, ఫీజు అన్నీ దానివే. మూడూ చెల్లుబాటయ్యే పట్టాలే, ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు ఏదీ తక్కువ కాదు. కాబట్టి "వాళ్లది యూనివర్సిటీ, మనది కాలేజీ" అన్న వాదనకు మీరు విలువ ఇవ్వనవసరం లేదు.

నాణ్యత తేల్చుకోవడానికి రెండు కాగితాలు చూడండి. ఒకటి, ఎన్‌బీఏ గుర్తింపు. న్యాక్, ఎన్‌బీఏ రెండూ విద్యా నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థలే; న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి విడిగా ఇచ్చేది. బ్రోచర్ మీద "ఎన్‌బీఏ" అని పెద్ద అక్షరాలు ఉన్నా, అది మీ అమ్మాయి చేరబోయే బ్రాంచికే ఉందా, గడువు ఇంకా ఉందా అన్నది ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూడాలి. కొత్తగా పెట్టిన డేటా సైన్స్ లాంటి బ్రాంచిలకు చాలాచోట్ల ఇంకా ఉండదు, ఎందుకంటే కొన్ని బ్యాచ్‌లు బయటికి వచ్చాక గానీ దరఖాస్తు చేయలేరు.

రెండోది, కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కళాశాల ఇచ్చిన వివరాల పట్టిక. ర్యాంకును పక్కన పెట్టండి. ఆ ర్యాంకింగ్‌లో పాల్గొనే సంస్థలు తమ వెబ్‌సైట్‌లో పెట్టవలసిన పీడీఎఫ్‌లో నాలుగేళ్ల కోర్సుకు ఒక వరుస ఉంటుంది: ఆ ఏడాది ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది నాలుగేళ్లలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు. ఫోనులో చెప్పే 44 లక్షల ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవారందరినీ జీతం ప్రకారం నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవారి జీతం. దాన్ని పైన చెప్పిన 22 వేల వాయిదా పక్కన రాసి చూడండి. జగిత్యాల వారి పట్టిక, ప్రైవేటు కళాశాల పట్టిక, డీమ్డ్ వారి పట్టిక మూడూ ఒకే బల్ల మీద పరచుకుంటే మీకు నా సలహా అవసరం కూడా చాలా వరకు తీరిపోతుంది. ఆ పట్టిక వెబ్‌సైట్‌లో దొరకని సంస్థ ఏదైనా ఉంటే, ఎందుకు లేదని ఫోను చేసినవారినే అడగండి.

ఇప్పుడు అమ్మాయి మాట. "మీ ఇష్టం నాన్నా" అన్నది జవాబు కాదని మీకూ తెలుసు, అందుకే నాకు రాశారు. తండ్రి ప్లాటు అమ్మకానికి పెట్టాలనుకుంటుంటే, తల్లి ఏడుస్తుంటే, మేనమామ ఫోనులో సలహాలిస్తుంటే పద్దెనిమిదేళ్ల పిల్ల అంతకన్నా ఏమంటుంది? అయితే ఆమె తన మాట ఇప్పటికే ఒకచోట రాసి పెట్టింది. మీరు ఓటీపీ చెప్పిన ఆ వెబ్ ఆప్షన్ల జాబితా ప్రింటు తీయండి. ఆ కౌన్సెలింగ్‌లో పైనున్న ఆప్షన్ ర్యాంకుకు అందితే అదే ఇస్తారు, కింది వాటిని చూడరు. జగిత్యాల ట్రిపుల్ ఈ పైన ఆమె ఏమేమి పెట్టింది? ప్రైవేటు కళాశాల సీఎస్‌ఈలు దాని పైన ఉండి అందక ఇది వచ్చిందా, లేక వాటిని కిందే పెట్టిందా, లేక అసలు పెట్టనే లేదా? ఎవరూ పక్కన లేనప్పుడు ఆమె పెట్టుకున్న వరుస అది. దాన్ని ముందు పెట్టుకుని "ఇది ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని ఒక్కొక్కటీ అడగండి. "ఏం కావాలి?" అని అడిగినప్పటి కన్నా ఎక్కువ చెబుతుంది.

ఒక్క జాగ్రత్త. చుట్లు లెక్కపెట్టి రాసిచ్చింది కాబట్టి ట్రిపుల్ ఈ అంటే ప్రాణమని మీరూ, నేనూ అనుకోకూడదు. అది తండ్రికి చేసిన సాయం కావచ్చు. ఫీజు తక్కువని లెక్క చూసుకుని జగిత్యాలను పైన పెట్టి ఉండవచ్చు కూడా. "డబ్బు సంగతి నేను చూసుకుంటాను, అది మరిచిపోయి చెప్పు" అని అడిగినా అదే వరుస చెబుతుందా అన్నది గమనించండి. ఈ సంభాషణ షాపులో ఇద్దరూ ఉన్నప్పుడు జరిగితే మంచిది, ఇంట్లో అందరి ముందూ వద్దు.

ఆమె జవాబును బట్టి మీ ముందు దారులు ఇలా మారతాయి. ఎలక్ట్రికల్ మీదే మనసుంటే జగిత్యాల సీటు నిలుపుకోండి. ప్లాటు మిగులుతుంది, నాలుగేళ్ల తరువాత గేట్ రాసినా, సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినా ఆమెకు అప్పు అడ్డు రాదు. నష్టం ఏమిటంటే, హైదరాబాదులో ఉన్నవారికి దొరికే ఇంటర్న్‌షిప్‌లు, పరిచయాలు ఆమె పనిగట్టుకుని వెతుక్కోవాలి, క్యాంపస్‌కు వచ్చే కంపెనీల సంఖ్య కూడా తక్కువ ఉండవచ్చు. కంప్యూటర్స్ మీదే మనసుంటే ప్రైవేటు కళాశాల ఒక్కటే దారి అనుకోకండి. జేఎన్‌టీయూహెచ్ వారి మిగతా సొంత కళాశాలల్లోనూ, జగిత్యాలలోనే సీఎస్‌ఈ, ఈసీఈలకూ గత ఏడాది బీసీ-బీ బాలికల చివరి ర్యాంకులు ఈఏపీసెట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, వాటిని ముందు పెట్టి, వాటి తరువాత ప్రైవేటు కళాశాలను పెట్టండి. అక్కడ సీటు వస్తే ఏటా లక్షన్నరకు పైగా ఖర్చు భరించగలరా అన్నది షాపు ఆదాయం చూసి మీరు చెప్పాలి. దానికి 7.5 లక్షల లోపు లోను సరిపోవచ్చు, ప్లాటు కదల్చనక్కరలేదు. డీమ్డ్ యూనివర్సిటీ దారి కూడా పూర్తిగా మూసేయమని అనను. ఆ మూడు పట్టికలు చూశాక అక్కడి మధ్యస్థ జీతం మిగతా రెండింటి కన్నా స్పష్టంగా ఎక్కువుండి, అమ్మాయికి అక్కడే చదవాలన్న పట్టుదల ఉండి, విద్యాలక్ష్మి జాబితాలో ఆ సంస్థ ఉంటే ఆలోచించవచ్చు. ఈ మూడూ కుదరకుండా ప్లాటు అమ్మితే మాత్రం ఒకరి చదువుకు ఇద్దరు పిల్లల ఆధారాన్ని పెట్టినట్టవుతుంది. నేనైతే ఆ పని చేయను.

గడువుల దగ్గర పొరపాటు జరగకుండా చూసుకోండి. రెండో విడతలో కొత్త సీటు కేటాయిస్తే మొదటి విడత సీటు దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి వెళ్లడానికి వీలుండదు. కాబట్టి జగిత్యాల ట్రిపుల్ ఈ కన్నా నిజంగా మేలనుకున్నవే ఆ జాబితాలో ఉండాలి, "చూద్దాం, వస్తే వస్తుంది" అని ఒక్కటి కూడా పెట్టవద్దు. ఏదీ మేలనిపించకపోతే కొత్త ఆప్షన్లు ఇవ్వకుండా ఉన్న సీటుకు చెప్పిన తేదీలోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయండి. విడతలు ముగిశాక అదే కళాశాలలో వేరే బ్రాంచిలో ఖాళీలు మిగిలితే ఇంటర్నల్ స్లైడింగ్‌లో మారే అవకాశం కూడా ఉంటుంది.

ఆ ఐదు రోజుల గడువు గురించి తొందరపడకండి. ఇలాంటి గడువులు ఆరో రోజు ఉదయం ఇంకో ఫోనుతో పెరగడం మామూలే. ఒకవేళ 50 వేలు కట్టాలనే నిర్ణయించుకుంటే, ప్రవేశం రద్దు చేసుకున్నప్పుడు ఏ తేదీ వరకు ఎంత తిరిగి ఇస్తారో ముందుగా ఈమెయిలులో రాయించుకోండి. ఫీజు వాపసుపైనా, విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదన్న విషయంపైనా యూజీసీ 2018లోనే ఉత్తర్వులిచ్చింది, అవి డీమ్డ్ యూనివర్సిటీలకూ వర్తిస్తాయి. అయినా ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ మాత్రం ఎవరడిగినా ఇప్పుడు ఇవ్వవద్దు, పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇమ్మనండి. కన్వీనర్ కోటా, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటులో చేరడానికి అవే కావాలి.